ఒక్కొక్కరుగా

తెల్లవారుజామున, ఇంకా వెలుగు రాకముందు, మనసు తనకు నచ్చిన చోటికి పోతుంది. ఈమధ్య అది పోతున్నది అమెరికాలోని గెటిస్‌బర్గ్ అనే చిన్న ఊరికి. అక్కడి అంతర్యుద్ధంలో, 1863 జులై మొదటి మూడు రోజులూ, ఆ ఊరి చుట్టూ ఘోరమైన పోరు జరిగింది. ఏ సేనాధిపతి ఎక్కడ నిలిచాడో, ఏ గుట్ట మీద ఎవరు గెలిచారో పుస్తకాల నిండా ఉంది. మనసు వాటి దగ్గర ఆగదు. పోరు ముగిశాక ఊళ్లో ఒక ఖాళీ జాగాలో దొరికిన ఒక సైనికుడి దగ్గర ఆగుతుంది.

పేరు తెలిపే కాగితం ఏదీ అతని దగ్గర లేదు. చేతిలో చిన్న గాజుపలక ఉంది. దాని మీద ముగ్గురు పిల్లల ఫొటో.

ఆ ఫొటో ఊరికి కొంత దూరంలో ఒక పూటకూళ్ల ఇంటి యజమానికి చేరింది. గాయపడ్డవాళ్లకు వైద్యం చేయడానికి ఫిలడెల్ఫియా నుంచి వస్తున్న జాన్ బార్న్స్ అనే వైద్యుడి బండి ఆ దగ్గర్లోనే పాడై, ఆయన ఆ ఇంట్లో ఆగవలసి వచ్చింది. ఆగినవాడు ఫొటో చూశాడు. చూసినవాడు దాన్ని అక్కడే వదిలి పోలేకపోయాడు. ఎందుకో చెప్పడం కష్టం. దారి పొడవునా వేల శవాలు ఉన్నప్పుడు, వేల గాయాలు తన కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఒక గాజుపలక ఒక మనిషిని ఎలా పట్టి నిలిపింది?

ఆ రోజుల్లో పత్రికలకు ఫొటో అచ్చువేసే వీలు లేదు. అందుకని ఫొటోలో కనిపించేది మాటల్లో రాశారు. అక్టోబరు 19న ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో, ఈయన ఎవరి తండ్రి అని అడుగుతున్న శీర్షిక కింద ఆ వర్ణన వచ్చింది. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. చిన్నవాడు ఎత్తుకుర్చీలో కూర్చున్నాడు, అన్నా అక్కా చెరో పక్క ఉన్నారు. పెద్దవాడి చొక్కాకూ చెల్లెలి గౌనుకూ వాడింది ఒకే గుడ్డ.

ఆ చివరి వివరం దగ్గర నేను చాలాసేపు ఉండిపోతాను. పండక్కి ఒకే తానులోంచి పిల్లలందరికీ బట్టలు కుట్టించే ఇళ్లు మనకూ తెలుసు. గుడ్డ మిగలకూడదని కొంత, ఒక ఇంటి పిల్లలని తెలియాలని కొంత. ఆ గుడ్డ కత్తిరించిన చేతులకు తప్ప ఇంకెవరికీ ఆ వివరం అక్కర్లేదు. రాసినవాళ్లకు అది తెలిసి రాశారో, కనిపించిందల్లా రాయాలని రాశారో. కంటికి కనిపించినదాన్ని ఏరకుండా, వదలకుండా చెప్పడంలోనే ఒక రకమైన దయ ఉందేమో అనిపిస్తుంది.

ఆ వర్ణనను ఇతర పత్రికలు తిరిగి వేశాయి. అలా వేసిన ఒక మతపత్రిక న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ అనే ఊరికి వచ్చింది. అక్కడ ఫిలిండా హ్యూమిస్టన్ అనే ఇల్లాలికి గెటిస్‌బర్గ్ తర్వాత భర్త నుంచి ఉత్తరం రాలేదు. ఆమె పంపిన ఫొటోలోనూ ముగ్గురు పిల్లలే ఉన్నారు. బార్న్స్‌కు ఉత్తరం వెళ్లింది, ఆయన ఫొటో నకలు పంపాడు. ఫ్రాంక్, ఆలిస్, ఫ్రెడ్. తన పిల్లలే.

ఏమస్ హ్యూమిస్టన్ గుర్రపు జీనులూ పట్టెడలూ కుట్టే పనివాడు. వయసులో ఉన్నప్పుడు తిమింగలాల వేట ఓడ మీద కొన్నేళ్లు సముద్రం తిరిగి వచ్చాడు. ఆ మే నెలలో ఫొటో అందినప్పుడు, ఇంటి నుంచి ఇంకేది పంపినా ఇంత సంతోషం కలిగేది కాదని భార్యకు రాశాడు. ప్రపంచం సగం చూసి వచ్చినవాడికి అరచేతిలో పట్టే ఆ గాజుపలక చాలింది. తృప్తి గురించి ఎన్నో గ్రంథాలున్నాయి. ఆ ఒక్క మాట వాటిలో దేనికీ తీసిపోదని నా మనసు అంటుంది.

కథ అక్కడ ఆగితే బాగుండేది. ఆ ఫొటో నకళ్లు అమ్మి వచ్చిన డబ్బుతోనూ, విరాళాలతోనూ గెటిస్‌బర్గ్‌లో సైనికుల పిల్లల కోసం 1866లో ఒక అనాథాశ్రమం వెలిసింది. ఫిలిండా అక్కడ కొంతకాలం పనిచేసింది, పిల్లలు అక్కడే ఉన్నారు. ఆ తర్వాతి ఏళ్లలో అదే ఆశ్రమంలో ఒక నిర్వాహకురాలి చేతుల్లో పిల్లలు నానా హింసలూ పడ్డారు. 1877లో అది మూతపడింది. ఒక ఫొటోలోని ముగ్గురు పిల్లల్ని చూసి కరిగిన లోకం, అదే గోడల మధ్య ఉన్న పిల్లల్ని ఏళ్ల తరబడి చూడలేదు. శ్రద్ధ ఒకసారి పుట్టినంత మాత్రాన నిలుస్తుందని లేదు. రోజూ మళ్లీ పుట్టాలేమో.

ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య ఆ అంతర్యుద్ధం 1861 నుంచి 1865 దాకా సాగింది. చనిపోయినవాళ్లు 6,20,000 అని చాలాకాలం చెప్పుకున్నారు. 2011లో ఒక చరిత్రకారుడు జనాభా లెక్కలు తిరగేసి, 7,50,000 దాకా ఉండవచ్చన్నాడు. రెండు అంకెల మధ్య తేడా లక్ష పైన. ఒక పెద్ద పట్టణమంత జనం ఉన్నారో లేరో తెలియనంత తేడా. ఆ అంకెలు చదివినప్పుడు నాలో ఏమీ కదలదు. అన్నాచెల్లెళ్లు తొడుక్కున్న ఒకే రకం గుడ్డ గురించి చదివినప్పుడు కదులుతుంది. ఇది మనసుకున్న లోపమా, మనసు పని చేసే తీరే అంతా? ప్రేమించడానికి మనసుకు ఒక్కొక్కరే కావాలి. లక్షలను ప్రేమించగలిగినవాళ్లు ఉంటే ఉండవచ్చు, వాళ్లు ఎలా చేస్తారో తెలుసుకోవాలని ఉంది.

డోరెన్స్ ఆట్‌వాటర్ అనే కుర్రవాడు గుర్తుకొస్తాడు. కనెక్టికట్ రాష్ట్రం వాడు. పదహారేళ్లకే ఉత్తరాది సైన్యంలో చేరి, గెటిస్‌బర్గ్ పోరు ముగిసిన కొద్ది రోజులకే శత్రువులకు చిక్కాడు. 1864లో జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ చెరసాలకు చేరాడు. చెరసాల అంటే గోడలూ కప్పూ ఉన్నది కాదు. దుంగలు పాతి కంచె కట్టిన మైదానం. ఇరవై ఆరెకరాల పైచిలుకు చోటులో, ఆ ఆగస్టులో, ముప్పై వేలకు పైగా మనుషులున్నారు. మధ్యలో పారే ఒక వాగు. తాగే నీరూ అదే, మురుగూ అదే. ఆ చెరసాల నడిచిన పద్నాలుగు నెలల్లో దాదాపు పదమూడు వేలమంది చనిపోయారు. రోజుకు వందమంది పోయిన రోజులున్నాయి.

ఆట్‌వాటర్ దస్తూరీ బాగుంటుందని అతన్ని ఆసుపత్రి కచేరీలో గుమాస్తాగా కూర్చోబెట్టారు. పోయినవాడి పేరు, దళం, జబ్బు, తేదీ, సమాధి అంకె చిట్టాలో ఎక్కించడం అతని పని. ఈ చిట్టా ఎప్పటికీ ఆ ఇళ్లకు చేరదన్న అనుమానం అతనికి కలిగింది. అప్పటినుంచి రహస్యంగా రెండో ప్రతి రాయడం మొదలుపెట్టాడు. 1865లో విడుదలైనప్పుడు ఆ కాగితాలను కోటు అస్తరులో దాచి బయటికి తెచ్చాడు.

ఒక్కో పేరు రెండుసార్లు. ఒకసారి యజమానుల కోసం, ఒకసారి ఎన్నడూ చూడని ఏ తల్లి కోసమో. తనకు ఇరవై ఏళ్లు నిండలేదు, ఆకలి, చుట్టూ దుర్గంధం. ఆ స్థితిలో ఎవరికైనా రేపు తానుంటాడో లేదో అన్న చింత ఉంటుంది. ఆ చింతను అతను పక్కన పెట్టాడని అనుకోను. దాన్ని ఒళ్లో పెట్టుకునే రాసి ఉంటాడు. కలం గీసే గీతలో ఒక పేరు తప్పులేకుండా కూర్చోవాలన్న చిన్న పట్టుదల, ఆ పేరు రాసినంతసేపైనా, భయాన్ని దూరం పెట్టి ఉంటుందా? పనిలో మనసు పెట్టడమే ప్రార్థన అన్న మాట వింటుంటాం. ఆండర్సన్‌విల్ లాంటి చోట ఆ మాట అనడానికి నోరు రాదు. అయినా అతని వేళ్లు ఆ పని చేశాయి.

ఆ యుద్ధంలో క్షతగాత్రులకు సేవ చేసిన క్లారా బార్టన్ ఆ జాబితా సంగతి విన్నది. 1865 వేసవిలో ఆట్‌వాటర్‌నీ, పనివాళ్లనూ వెంటబెట్టుకుని వెళ్లిన బృందంతో ఆమె ఆండర్సన్‌విల్ చేరింది. అక్కడ పొడవాటి కందకాల్లో శవాలను పక్కపక్కనే పూడ్చి, అంకెలు వేసిన మేకులు పాతారు. అంకెను జాబితాతో పోల్చి, ఒక్కో సమాధికి ఒక్కో పేరు రాశారు. అంతా అయ్యేసరికి పేరు తెలియని సమాధులు 460 మాత్రమే మిగిలాయి.

ఆ పని చేసినందుకు ఆట్‌వాటర్‌కు దక్కిన మొదటి బహుమతి కారాగారం. జాబితా ఎవరిదన్న తగాదాలో తన ప్రభుత్వమే అతని మీద దొంగతనం మోపి శిక్ష వేసింది. కొన్ని నెలలకు వదిలారు. 1866లో ఆ పేర్లన్నీ న్యూయార్క్ ట్రిబ్యూన్ సంస్థ అచ్చువేసింది. తర్వాత అతను రాయబార ఉద్యోగం మీద సీషెల్స్ దీవులకు, అక్కణ్ణుంచి తాహితీకి వెళ్లి, ఆ దీవిలోని రాజబంధువుల అమ్మాయిని పెళ్లాడి, జీవితంలో ఎక్కువ భాగం సముద్రం మధ్యనే గడిపాడు. దుంగల కంచె చూసినవాడికి నాలుగు దిక్కులా హద్దులేని నీళ్లు ఎలా కనిపించి ఉంటాయో.

రిచర్డ్ కర్క్‌లాండ్ కథ దగ్గరికి వచ్చేసరికి నా మనసు రెండుగా చీలుతుంది.

1862 డిసెంబరు 13న వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర, మేరీస్ హైట్స్ అనే గుట్ట కింద, పల్లపు దారి పక్కన రాతిగోడ చాటున దక్షిణాది సైనికులు నిలిచారు. ఆరుబయట నుంచి ఉత్తరాది దళాలు అలలు అలలుగా ఆ గోడ మీదికి వచ్చి కూలిపోయాయి. ఆ రాత్రంతా పడినవాళ్లు చలిలో దాహం దాహం అని మూలుగుతూనే ఉన్నారు. మర్నాడు, గోడ ఇవతల ఉన్న పందొమ్మిదేళ్ల సార్జెంటు కర్క్‌లాండ్ తన సేనాని కెర్షా దగ్గరికి వెళ్లి, వాళ్లకు నీళ్లిస్తానని అనుమతి అడిగాడట. తెల్లగుడ్డ ఊపవచ్చా అని అడిగితే కెర్షా ఒప్పుకోలేదు. అయినా నీళ్ల డబ్బాలు భుజాన వేసుకుని గోడ దూకాడు. అవతలివాళ్లు మొదట కాల్చబోయి, అతను చేస్తున్నది చూసి ఆపేశారు. గంటన్నర పాటు శత్రువుల నోళ్లు తడిపాడు.

ఈ కథ కెర్షాయే చెప్పాడు. చెప్పింది 1880లో, పదిహేడేళ్ల తర్వాత, ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో. అప్పటికి కర్క్‌లాండ్ లేడు. 1863 సెప్టెంబరులో చికమాగా పోరులోనే పోయాడు. పోరు జరిగిన రోజుల నాటి కాగితాల్లో ఈ సంగతి ఆ పేరుతో కనబడదని, కథ పెరిగి ఉంటుందని కొందరు చరిత్రకారులంటారు. మరికొందరు నమ్ముతారు. 1965లో అక్కడ విగ్రహం పెట్టారు.

జరిగిందా లేదా అన్నది ఒక ప్రశ్న. జరిగిందని నమ్మాలని నాకెందుకింత కోరిక అన్నది ఇంకో ప్రశ్న. అది ఇంకా లోతైనది. అతను పోరాడింది మనుషులను కొని అమ్మే వ్యవస్థను నిలబెట్టుకోవాలన్న పక్షం తరఫున. ఆ దేశంలో అప్పటికి దాదాపు 40 లక్షలమంది బానిసత్వంలో ఉన్నారు. నీళ్లడబ్బా మోసిన ఆ భుజమే అంతకుముందు రోజు తుపాకీ ఆనించుకున్నది. ఒక గంటన్నర దయ ఆ అన్యాయాన్ని కడగదు. అయితే అన్యాయం ఆ గంటన్నరను తుడిచెయ్యగలదా? ఇటు వైపు తూచినా అటు వైపు తూచినా ఏదో అన్యాయం చేస్తున్నట్టే ఉంటుంది. తూచడం మానేసి, దాహంతో ఉన్నవాడి వైపు నుంచి మాత్రమే చూడాలనిపిస్తుంది. వాడికి నీళ్లు అందాయి. వాడికి గోడ అవతల ఉన్నవాళ్ల రాజకీయం తెలియకపోదు, అయినా ఆ గుక్క మటుకు చల్లగానే ఉంటుంది.

ఆ చలికాలమంతా ఆ ఊరి పక్కనున్న రాపహానక్ నదికి అటూ ఇటూ రెండు సైన్యాలూ విడిది చేశాయి. కాపలా సైనికులు చెక్కతో చిన్న పడవలు చేసి, తెరచాప కట్టి, ఇవతలి నుంచి కాఫీ గింజలు, అవతలి నుంచి పొగాకు పంపుకునేవారు. దీనికి మాత్రం ఇరువైపులా చాలా సాక్ష్యాలున్నాయి. కర్క్‌లాండ్ కథ నమ్మడానికి నాకు ఆ చిన్న పడవలు కొంత తోడొస్తాయి.

బానిసత్వం వైపు నుంచి చూస్తే శ్రద్ధ అన్న మాటకే వేరే బరువు వస్తుంది. రాబర్ట్ స్మాల్స్ దక్షిణ కరోలినాలో బానిసగా పుట్టాడు. ఇరవై మూడేళ్ల వయసులో, చార్ల్‌స్టన్ రేవులో, ప్లాంటర్ అనే ఆవిరి ఓడ నడిపేవాడు. పత్తి బేళ్లు మోయడానికి కట్టిన ఆ ఓడను దక్షిణాది సైన్యం ఫిరంగులూ మందుగుండూ మోయడానికి పెట్టుకుంది. ఓడ అధికారి తన గడ్డిటోపీ పెట్టుకుని, చేతులు కట్టుకుని ఎలా నిలబడతాడో స్మాల్స్ చూశాడు. ఏ కోట దగ్గర ఎన్ని ఈలలు ఊదాలో చూశాడు. నీళ్లలో మందుపాతరలు ఎక్కడున్నాయో ముందే తెలుసు. తనను ఎవరూ మనిషిగా చూడని చోట అతను అందరినీ అన్నిటినీ చూస్తూ ఉన్నాడు.

1862 మే 13, తెల్లవారకముందు. తెల్ల అధికారులు ముగ్గురూ ఒడ్డున నిద్రపోతున్నారు. స్మాల్స్ ఆ టోపీ పెట్టుకుని ఓడ కదిలించాడు. దారిలో మరో ఓడ దగ్గర దాగి ఉన్న భార్యనూ పిల్లలనూ, తోటివారి కుటుంబాలనూ ఎక్కించుకున్నాడు. పట్టుబడితే ఓడను ముంచి, తామూ మునగాలని అందరూ అనుకున్నారు. కోటలు ఒక్కొక్కటే దాటుతూ, ఒక్కో చోట సరైన సంకేతం ఇస్తూ, సమ్టర్ కోట కిందినుంచే వెళ్లాడు. పైనున్న కాపలావాళ్లకు టోపీ, నిలబడ్డ తీరు కనిపించాయి. ఫిరంగి గుండ్లు అందే దూరం దాటాక తెల్లటి దుప్పటి ఎగరేసి ఉత్తరాది నౌక వైపు సాగాడు. అప్పటికి వెలుగు వస్తోంది. ఆ ఓడలో పదహారుమంది.

పరధ్యానం అందరికీ క్షమించదగినదే అనుకునే జీవితం నాది. ఒక్క ఈల లెక్క తప్పితే పదహారు ప్రాణాలు పోయే జీవితం ఎలా ఉంటుందో ఊహకు కూడా సరిగా అందదు. ప్రశాంతంగా కూర్చుని చేసే ధ్యానానికీ, ఆ మనిషి ఏళ్ల తరబడి చేసిన గమనింపుకూ చుట్టరికం ఉందా? ఉందనే అనుకుంటున్నాను. రెండోదానికి ఎక్కువ ఖర్చయింది.

యుద్ధం ముగియకముందే స్మాల్స్ తన ఊరు బోఫోర్ట్‌లో, తనను బానిసగా ఉంచిన యజమాని ఇంటినే, పన్ను బకాయికి వేలం వేస్తే కొన్నాడు. ఆ ఇంటి వెనక గుడిసెలోనే అతను పుట్టాడు. తర్వాతి కాలంలో అమెరికా కాంగ్రెసుకు ప్రతినిధిగా ఎన్నికయ్యాడు. పాత యజమానురాలు మతి చలించి, అది ఇంకా తన ఇల్లేననుకుని ఒకరోజు గుమ్మంలోకి వస్తే, ఆమెను లోపలికి రానిచ్చి ఉండనిచ్చాడని ఆ కుటుంబం చెప్పుకునే కథ. అది క్షమా? నా అన్నది గట్టిగా చేతిలో ఉన్నవాడికి మాత్రమే వచ్చే నిబ్బరమా? లేదా గుమ్మంలో నిలబడ్డది ఒక ముసలమ్మ, అంతేనా? మూడోది నిజమైతే బాగుండునని ఉంటుంది. పెద్ద మాటలు లేకుండా, ఎదురుగా ఉన్నది ఉన్నట్టు కనిపించడం.

పత్తి బేళ్ల ఓడ అనుకున్నప్పుడు మన నేల గుర్తుకు రాక మానదు. ఉత్తరాది నౌకలు దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో అమెరికా పత్తి ఆగి, ఇంగ్లండు మిల్లులు హిందూదేశపు పత్తి కోసం ఎగబడ్డాయి. గుంటూరు, కృష్ణా సీమల నల్లరేగడిలో పండి కాకినాడ రేవు నుంచి ఎగుమతి అయ్యే పత్తికి ఆ రేవు పేరే వర్తకుల నోట స్థిరపడింది. ఆ నాలుగేళ్లూ దేశంలో పత్తి ధర ఎన్నడూ లేనంతగా పెరిగింది. యుద్ధం ఆగగానే కూలింది. ఎక్కడో ఎవరో ఒకరినొకరు కాల్చుకోవడం వల్ల మన పల్లెలో ఒక ఇంటికి కొత్త దూలం వచ్చి ఉండవచ్చు, వాళ్లు కాల్చుకోవడం మానేసినందుకు అదే ఇల్లు అప్పుల పాలై ఉండవచ్చు. ఏ సుఖం వెనక ఏముందో తెలిస్తే తృప్తి అన్నది ఇంత తేలిగ్గా దొరకదు.

విల్మర్ మక్లీన్ కోరుకున్నది ప్రశాంతత. అతను వర్తకుడు. 1861 జులైలో వర్జీనియాలోని మనాసస్ దగ్గర యుద్ధంలోని మొదటి పెద్ద పోరు జరిగినప్పుడు దక్షిణాది సేనాని అతని ఇంట్లోనే మకాం పెట్టాడు. ఒక ఫిరంగి గుండు వంటింటి పొయ్యిలో పడింది. ఆ తర్వాత మక్లీన్ కుటుంబంతో సహా 120 మైళ్ల దూరం జరిగి, అపొమాటక్స్ అనే మారుమూల పల్లెలో ఇల్లు కొన్నాడు. 1865 ఏప్రిల్ 9న ఆ పల్లెలో కాసేపు కూర్చోవడానికి తగిన ఇల్లు వెతుకుతున్నవాళ్లకు దారిలో మొదట ఎదురైంది అతనే. అతని ముందుగదిలోనే దక్షిణాది సేనాధిపతి లీ ఉత్తరాది సేనాధిపతి గ్రాంట్‌కు లొంగిపోయాడు.

ఈ కథను విధి అంటూ చెబుతారు. నాకు దానిలో అంతకంటే మక్లీన్ మనసు గురించి ఆలోచించాలని ఉంటుంది. అతను పారిపోయింది నిజమే. దక్షిణాది సైన్యానికి చక్కెర వ్యాపారం చేసిందీ నిజమే. యుద్ధం తన ఇంటికి రాకూడదు, యుద్ధం మీద వచ్చే రాబడి రావాలి. అలాంటి శాంతి నాలోనూ కొంత ఉందేమోనని వెతుక్కుంటాను. చాలా ఇళ్ల ప్రశాంతత అలాంటిదేనేమో.

సంతకాలు అయ్యాక అధికారులు ఆ గదిలోని బల్లలు, కుర్చీలు గుర్తుగా ఉంటాయని తీసుకుపోయారు. కొందరు డబ్బిచ్చారు. సోఫా మీద మక్లీన్ చిన్నకూతురు లూలా గుడ్డబొమ్మ ఉంది. దాన్ని ఒకరి మీదికి ఒకరు విసురుకుని ఆడుకున్నారు. నాలుగేళ్ల చావుల తర్వాత, ఆ మధ్యాహ్నం, గడ్డాలు పెరిగిన ఆ మనుషులకు కాసేపు పసితనం వచ్చింది కాబోలు. పాపం ఆ పిల్లకు బొమ్మ పోయింది. ఒక అధికారి దాన్ని తీసుకెళ్లాడు. ఆ అధికారి కుటుంబం దగ్గర తరతరాలు ఉండి, 1990ల్లో మళ్లీ అపొమాటక్స్ చేరింది.

అదే గదిలో ఒక మూల ఈలీ పార్కర్ కూర్చున్నాడు. సెనెకా తెగవాడు, ఆ తెగ పెద్దల్లో ఒకడు. న్యాయశాస్త్రం చదివితే, పౌరుడు కాదని వకీలుగా ఒప్పుకోలేదు. ఇంజనీరయ్యాడు. యుద్ధంలో చేరతానంటే మొదట వద్దన్నారు. చివరికి గ్రాంట్ దగ్గర సైనిక కార్యదర్శి అయ్యాడు. లొంగుబాటు షరతులను సిరాతో చక్కగా రాయమని మరో అధికారికి చెబితే అతని చేతులు వణికి కాగితాలు పాడయ్యాయి. అప్పుడు ఆ కాగితం పార్కర్ ముందుకు వచ్చింది. తన జనాన్ని పౌరులుగా ఎంచని దేశం తిరిగి ఒకటయ్యే పత్రాన్ని అతను తప్పులేకుండా, తొణక్కుండా రాశాడు.

ఆ చెయ్యి ఎందుకు వణకలేదు? ఆ గెలుపు తనది పూర్తిగా కాదు, ఆ ఓటమీ తనది కాదు, కాబట్టి వణకలేదేమో. లేదా అక్షరం రాసేటప్పుడు అక్షరమే రాయడం తెలిసినవాడు కాబట్టేమో. ఆట్‌వాటర్ చెయ్యి, పార్కర్ చెయ్యి నా ఆలోచనలో పక్కపక్కన ఉంటాయి. ఒకరిది చావుల జాబితా, ఒకరిది చావులు ఆపే కాగితం. రెండిటికీ కావలసింది మంచి దస్తూరీయే.

క్లారా బార్టన్ ఆండర్సన్‌విల్ నుంచి తిరిగి వచ్చాక వాషింగ్టన్ నగరంలో, ఏడో వీధిలోని ఒక మేడ మూడో అంతస్తులో, తప్పిపోయిన సైనికుల కోసం నడుపుతున్న కచేరీ పని కొనసాగించింది. అడుగుతూ వచ్చిన ఉత్తరాలు 63,182. ఆమె, గుమాస్తాలు కలిసి రాసినవి 41,855. ఆచూకీ తేలినవాళ్లు 22,000 పైచిలుకు. ఆ గదులు తర్వాత మూతబడి, అందరూ మరిచిపోయి, 1990ల్లో ఆ మేడను పరిశీలించడానికి వెళ్లిన ఒక ప్రభుత్వోద్యోగి అటక మీద ఆమె పేరున్న రేకు చూసేదాకా అలాగే ఉన్నాయి.

జవాబు దొరకని వేల ఉత్తరాలకు కూడా ఏదో ఒకటి రాశారు. ఏమీ తెలియలేదని చెప్పడానికి ఒక మనిషి కూర్చుని, సిరాలో కలం ముంచి, అవతలి ఇంటి పేరు సరిగా రాసి పంపడం. అందుకున్నవాళ్లకు అది ఊరటా, ఇంకో దెబ్బా? నాకైతే ఊరటే అయి ఉంటుందనిపిస్తుంది, ఎవరో తమవాడి కోసం వెతికారన్న మాట అందులో ఉంటుంది కనుక.

అయితే ఆమె పత్రికల్లో వేయించిన పేర్ల జాబితా చూసి ఒక సైనికుడు కోపంగా ఉత్తరం రాశాడు. తాను బతికే ఉన్నాడు, బాగానే ఉన్నాడు. తన పేరు దేశమంతా చాటడానికి తానేం నేరం చేశాడని అడిగాడు. నువ్వు ఇంటివాళ్లను తలుచుకున్నదానికన్నా వాళ్లు నిన్ను ఎక్కువ తలుచుకోవడమే వాళ్ల దురదృష్టమన్న అర్థంలో బార్టన్ ఘాటుగా జవాబిచ్చింది. చదివిన ప్రతిసారీ నేను ఆమె పక్షమే. అయినా ఆ సైనికుణ్ణి పూర్తిగా తోసెయ్యలేను. చూసినవన్నీ చూశాక, తనను ఎవరూ పేరు పెట్టి పిలవని చోట, కొత్త ఊళ్లో, ఏదో కూలిపని చేసుకుంటూ బతకాలని అతనికి ఉండి ఉండవచ్చు. వెతకడం ప్రేమే. వెతకబడకుండా ఉండాలని కోరుకునేవాడి మీద ఆ ప్రేమకు ఎంత హక్కు ఉంటుందో, అతని తల్లిని అడిగితే ఒక జవాబు వస్తుంది, అతన్ని అడిగితే ఇంకొకటి.